1,000 కిలోమీటర్ల విరాళాల సైకిల్ యాత్ర, 15 మిల్లీమీటర్లు జారిన సీటు: కుడి మోకాలి మరమ్మతు డైరీ

వేసుకున్న ప్లాను: విశాఖపట్నం నుంచి రోజూ తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నంలోగా తిరిగొచ్చే 100 కి.మీ. చుట్లు, 10 రోజులు, మొత్తం 1,000 కి.మీ., ఒకే రైడరు. వచ్చిన విరాళం వీల్‌చైర్లకు.

జరిగింది: 14 రోజులు. రైడరు 690 కి.మీ., మిగతా 310 కి.మీ. జట్టులోని ఇద్దరు.

మొదటి రెండు రోజుల్లో రాయాల్సిందేమీ లేదు. మూడో రోజు నుంచి రైడరు కుడి మోకాలి ముందు భాగం నొప్పి, దానికి కారణం వెతకడం, రెండుసార్లు తప్పు దిద్దుబాటు చేయడం, చివరికి సరైనది దొరకడం, అన్నీ కొలతలతో కింద ఉన్నాయి. విరాళాల కోసం తొక్కేవాళ్లు నొప్పి బయటికి చెప్పరు. దాతలకు మాట ఇచ్చేశాం కదా అని పళ్ల బిగువున లాగేస్తారు. కాబట్టి సైకిల్‌కు ఎంత మరమ్మతు చేశామో, దాతలకు ఇచ్చిన మాటకూ అంత మరమ్మతు చేయాల్సి వచ్చింది. అదీ రాశాం.

దశ 0: మొదలుపెట్టేముందు కొలతలు

కాలి లోపలి పొడవు 78 సెం.మీ. కొలిచే పద్ధతి: చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని సీటులా కాళ్ల మధ్య పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలకు టేపు పెట్టాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోవాలి.

సీటు ఎత్తు: 78 × 0.883 = 68.9 సెం.మీ. ఇది పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా, సీటు గొట్టం వెంట. టూర్ ద ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో చలామణీలో ఉన్న లెక్క ఇది. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ఖాయం చేయడానికి కాదు. ఖాయం చేసేది మోకాలి కోణం.

మోకాలి కోణం తీసే పద్ధతి:

1. సైకిల్‌ను ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కించే స్టాండు) మీద గానీ, గోడ పక్కన ఇద్దరు పట్టుకుని గానీ నిటారుగా నిలపాలి.
2. మూడు చోట్ల స్టిక్కర్లు: తొడ పైన పక్కకు తగిలే ఎముక గుబ్బ, మోకాలి బయటి వైపు గుబ్బ, చీలమండ బయటి గుబ్బ.
3. పది చుట్లు తొక్కించి, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు ఆపించాలి. మడమను ఎప్పుడూ తొక్కే తీరులోనే ఉంచమనాలి.
4. ఫోన్‌ను మోకాలి ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో పెట్టి పక్క నుంచి ఫొటో తీయాలి. దగ్గర నుంచి తీస్తే కోణం తప్పొస్తుంది.
5. ప్రింటు మీద స్కేలుతో గీతలు గీసి కోణమాపకంతో కొలవాలి. కాలు పూర్తిగా చాపితే 0° అనుకుంటే, 25° నుంచి 35° మధ్య వంపు ఉండాలి.

ఆ రోజు వచ్చింది 30°. బాగానే ఉంది. చేయని పని ఒకటుంది: ఫ్రేములోకి సీటు పోస్ట్ (సీటును మోసే గొట్టం) దిగే చోట టేపుతో గుర్తు పెట్టలేదు. ఐదు రూపాయల ఇన్సులేషన్ టేపు ముక్క ఉంటే రెండో రోజే విషయం తెలిసిపోయేది.

దశ 1: 1 నుంచి 4 రోజులు – నొప్పి

నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె. రోజుకు మూడుసార్లు: తొక్కుతుండగా అత్యధికం, రాత్రి పడుకునేముందు, మర్నాడు పొద్దున్న మెట్లు దిగేటప్పుడు. మూడోదే అసలైనది. మోకాలి చిప్ప మీద బరువు ఎంత పడుతోందో మెట్లు దిగేటప్పుడే బయటపడుతుంది.

రోజు 1: 104 కి.మీ. నొప్పి 0 / 0 / 0. మొత్తం 104.
రోజు 2: 98 కి.మీ. నొప్పి 1 / 0 / 1. మొత్తం 202.
రోజు 3: 101 కి.మీ. నొప్పి 4 / 3 / 2. మొత్తం 303.
రోజు 4: 62 కి.మీ., ఆపేశాం. నొప్పి 6 / 5 / 4. మొత్తం 365.

నాలుగో రోజు భీమిలి నుంచి తిరుగు దారిలో, తొట్లకొండ దగ్గరి ఎత్తు మీద నొప్పి 6కు చేరింది. అక్కడే దించి బండిలో ఎక్కించాం. నిజానికి మూడో రోజు 4 చూసినప్పుడే దూరం సగానికి తగ్గించాల్సింది. "వేడెక్కితే సర్దుకుంటుంది" అన్నారు, సర్దుకోలేదు. అప్పటి నుంచి పెట్టుకున్న గీత ఇది:

1. తొక్కుతుండగా 2 దాకా: కొనసాగించవచ్చు.
2. 3 నుంచి 5: గేరు తేలిక చేసి, దగ్గరి దారిలో వెనక్కి. మర్నాడు పొద్దున్నకి మామూలు స్థితికి రాకపోతే ఆ రోజు విశ్రాంతి.
3. 5 దాటితే: అక్కడికక్కడే దిగాలి.
4. అంకెతో పనిలేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి: మోకాలు వాచడం, మడత పడి బిగుసుకుపోవడం, నిలబడితే కాలు వదిలేసినట్టు ఒరగడం, రాత్రి నిద్రలో నొప్పి, పిక్క ఒకవైపే వాచి వేడిగా ఉండటం.

రైడరుకు నాలుగో గీతలోనివి ఏవీ లేవు. ఐదో రోజు పొద్దున్న ఫిజియోథెరపిస్ట్ చూసి, కీలు స్థిరంగానే ఉందనీ, మోకాలి చిప్ప వెనక ఒత్తిడి వల్ల వచ్చిన నొప్పి అనీ చెప్పారు. ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో సైకిల్ చెప్పాలి.

దశ 2: 5వ రోజు – 15 మి.మీ. ఎక్కడికి పోయింది

సీటు ఎత్తు మళ్లీ కొలిస్తే 67.4 సెం.మీ. మొదట్లో పెట్టింది 68.9. అంటే నాలుగు రోజుల్లో 15 మి.మీ. కిందికి జారింది. కోణం 30° నుంచి 37°కు పెరిగింది. ఏడు డిగ్రీలు చిన్న అంకెలా అనిపిస్తుంది. 100 కి.మీ. తొక్కడానికి గంటకు 22 కి.మీ. చొప్పున నాలుగున్నర గంటలు, నిమిషానికి 80 చుట్లు వేసుకుంటే ఒక్కో మోకాలు దాదాపు 22,000 సార్లు వంగుతుంది. ఎక్కువ వంపులో బలంగా తొక్కిన ప్రతిసారీ చిప్ప తొడ ఎముకకు మరింత నొక్కుకుంటుంది. ఒక్క రోజులో సీటు 15 మి.మీ. దిగితే ఎవరికైనా తెలుస్తుంది. రోజుకు నాలుగు మి.మీ. చొప్పున దిగితే ఒళ్లు అలవాటు పడిపోతుంది, మోకాలు పడదు.

నొప్పి కుడివైపే ఎందుకన్నది తర్వాత తేలింది. కుడి షూ కింద క్లీట్ (షూను పెడల్‌కు తగిలించే ముక్క) ఎడమదానికంటే 3 మి.మీ. ముందుకు ఉంది. సమంగా సర్ది, స్క్రూలు 5 న్యూటన్ మీటర్లకు (రెంచ్ చూపే బిగింపు కొలత) బిగించాం.

జారకుండా చేయడానికి మూడు ప్రయత్నాలు. ఒక్కోదాని తర్వాత అంతే బరువున్న మరో సభ్యుడు 20 కి.మీ. తొక్కి చూశాడు. నొప్పి ఉన్న మనిషి చేత పరీక్ష తొక్కుడు తొక్కించకండి. పరీక్ష దూరాన్ని మొత్తంలో కలపలేదు.

1. పోస్ట్‌ను ఫ్రేములో బిగించే పట్టీ (క్లాంప్) బోల్టును 5 నుంచి 7 న్యూటన్ మీటర్లకు బిగించాం. 20 కి.మీ. తర్వాత 4 మి.మీ. దిగింది. ఇంకా బిగిస్తే అల్యూమినియం ఫ్రేము చెవులు వంగుతాయి. ఇక్కడ చాలామంది చేసే తప్పు అదే.
2. పోస్ట్ బయటికి తీసి, లోపలి పాత గ్రీజును స్పిరిట్‌తో తుడిచి, కార్బన్ భాగాలకు వాడే ఇసుక లాంటి గరుకు పేస్ట్ పూశాం. 2 మి.మీ. దిగింది. మెరుగే, కానీ 100 కి.మీ.కు 10 మి.మీ. లెక్క.
3. అప్పుడు వెర్నియర్ (మిల్లీమీటరులో చిన్న భాగాలనూ కొలిచే పరికరం) తీశాం. ఫ్రేము గొట్టం లోపలి వ్యాసం 27.25 మి.మీ. పోస్ట్ వ్యాసం 27.0 మి.మీ. ఈ ఫ్రేముకు కావాల్సింది 27.2. పాతది మార్చినప్పుడు కొలవకుండా "దాదాపు సరిపోయిన" పోస్ట్ వేశారు.

అయిదో వంతు మిల్లీమీటరు తేడా కంటికి కనపడదు, చేతికీ తెలియదు. కొత్త 27.2 పోస్ట్ ఆరో రోజు దొరికింది. అల్యూమినియంలో అల్యూమినియం కాబట్టి పలచగా గ్రీజు రాసి, 5 న్యూటన్ మీటర్లకే బిగించాం. 20 కి.మీ.: 0 మి.మీ.

దారి మధ్యలో ఇలా అయితే ఒక ఉపాయం ఉంది. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా గోడ మందం సుమారు 0.1 మి.మీ. కత్తిరించి పోస్ట్ చుట్టూ ఒక్క వరస చుడితే వ్యాసం 0.2 పెరుగుతుంది. అంచులు ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. చెయ్యి తెగకుండా మూలలు గుండ్రంగా కత్తిరించాలి. ఇంటికి చేరేదాకా నిలుస్తుంది.

క్లాంప్ బోల్టు సంగతి కూడా. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే సైకిల్‌కు మామూలు ఇనుప బోల్టు పనికిరాదు. ఉప్పు గాలికి మరలు తుప్పు పట్టి, రెంచ్ 5 చూపిస్తున్నా అసలు బిగింపు అందులో సగమే ఉంటుంది, మిగతాది తుప్పు రాపిడి. స్టెయిన్‌లెస్ బోల్టు వేసి, మరలకు గ్రీజు రాసి, సాయంత్రం మంచినీళ్ల తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాం. పైపుతో నీళ్లు కొట్టొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి.

ఖర్చు: వెర్నియర్ 450, పేస్ట్ 400 (వృథా), పోస్ట్, బోల్టు 1,100. మొత్తం రూ. 1,950.
దూరం: 6వ రోజు సహచరులు 80. జట్టు మొత్తం 445.

దశ 3: 7వ రోజు – రెండో తప్పు

మోకాలి ముందు నొప్పి ఉంటే సీటు పెంచాలి, వెనక నొప్పి ఉంటే దించాలి. ఈ సూత్రం తెలిసిన ఉత్సాహంలో సీటును పాత 68.9కు కాకుండా 69.6కు పెట్టారు, "ఇంకాస్త ఖాళీ ఉంటే మోకాలికి హాయి" అని. 30 కి.మీ. చదునైన దారిలో ముందు నొప్పి 2కు తగ్గింది, కానీ మోకాలి వెనక 3 మొదలైంది.

వెనక నుంచి ఫోన్‌లో తీసిన వీడియోలో కారణం కనపడింది: పెడలు అడుగుకు వెళ్లిన ప్రతిసారీ నడుము ఆ వైపుకు ఊగుతోంది, కాలి వేళ్లు కిందికి చాచుకుంటున్నాయి. వెనక తొడ కండరాన్ని లాగి లాగి అందుకుంటున్నాడన్నమాట. 68.9కు దించాం. ఊగడం ఆగింది.

అక్కడి నుంచి రెండు నియమాలు:

1. ఒకసారికి ఒక్కటే మార్పు. సీటు మార్చిన రోజు క్లీట్ ముట్టుకోకూడదు, క్లీట్ మార్చిన రోజు గేరు ముట్టుకోకూడదు. (ఐదో రోజు ఈ నియమం మేమే తప్పాం. క్లీట్, సీటు కలిపి సర్దడం వల్ల ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం.)
2. పాత మంచి కొలత తెలిసి ఉంటే ముందు అక్కడికే తిరిగి వెళ్లాలి. కొత్త కొలత వెతకాలంటే 3 మి.మీ. చొప్పునే.

దూరం: రైడరు 30. జట్టు మొత్తం 475.

దశ 4: 8వ రోజు – మాట మార్చడం

దాతల పత్రంలో "రైడరు తొక్కిన ప్రతి కిలోమీటరుకు" అని ఉంది. అందరివీ కలిపితే కిలోమీటరుకు రూ. 180. అంటే రైడరు మానేసిన ప్రతి 10 కి.మీ.కు వీల్‌చైర్ల నిధికి రూ. 1,800 గండి. ఈ లెక్క రైడరు తలలో తిరుగుతున్నంతకాలం నొప్పి అంకె నిజం చెప్పడు. మూడో రోజు చెప్పిన 4, అసలు 5 అని తర్వాత ఒప్పుకున్నాడు. తప్పు అతనిది కాదు, అలా రాసిన పత్రానిది.

దాతలందరికీ పంపిన సందేశం, అవసరమైనవాళ్లు వాడుకోవచ్చు:

"నమస్తే అండి. మన రైడరు గారికి కుడి మోకాలి నొప్పి వచ్చింది. 395 కి.మీ. తొక్కారు. ఫిజియోథెరపిస్ట్ సలహా మేరకు దూరం తగ్గిస్తున్నాం. మిగతా కిలోమీటర్లు జట్టులోని ఇద్దరు తొక్కి 1,000 పూర్తి చేస్తారు. మీ విరాళం జట్టు కిలోమీటర్లకు వర్తింపజేయవచ్చా, లేక రైడరు తొక్కిన దూరానికే ఉంచమంటారా? ఏదైనా మాకు సమ్మతమే. రోజువారీ లెక్క మీకు పంపుతాం."

కిలోమీటరుకు రూ. 164 విలువైన విరాళాలు జట్టు లెక్కకు మారాయి. రూ. 16 పాత పద్ధతిలోనే ఉన్నాయి, అడిగినవారికి ఆ హక్కు ఉంది. మొదటి రోజే "జట్టు కిలోమీటర్లు" అని రాసి ఉంటే ఒక రోజంతా ఫోన్లు చేయాల్సిన పని తప్పేది.

ఇక్కడే ఇంకో మాట: పన్ను మినహాయింపు కోసం రసీదు (80జి రసీదుగా పిలిచేది) కావాలన్నవాళ్లు రూ. 2,000 దాటిన మొత్తాన్ని నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. యూపీఐ గానీ చెక్కు గానీ అడగండి. సైకిల్ మరమ్మతు, వైద్యం ఖర్చులు రైడర్ల సొంత జేబు నుంచే, విరాళంలోంచి ఒక్క రూపాయి తీయలేదు.

దూరం: సహచరులు 80. జట్టు మొత్తం 555.

దశ 5: 9 నుంచి 11 రోజులు – గేర్లు, గాలి

ముందు చైన్ వీల్ 50/34 పళ్లు, వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల కట్ట) 8 స్పీడ్, 11-28 పళ్లు. అతి తేలిక గేరు 34/28 (ముందు 34, వెనక 28). 25 మి.మీ. టైరుతో పెడలు ఒక చుట్టుకు సైకిల్ 2.56 మీటర్లు ముందుకు పోతుంది. ఎత్తు మీద వేగం గంటకు 10 కి.మీ.కు పడితే పెడలు నిమిషానికి 65 చుట్లే తిరుగుతుంది. అదే 34/34 గేరుతో ఒక చుట్టుకు 2.1 మీటర్లు, నిమిషానికి 79 చుట్లు. పని అంతే, కానీ ఒక్కో తొక్కుడుకు మోకాలి మీద పడే బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. నొప్పి ఉన్న మోకాలికి ఇంతకంటే మంచి మందు సైకిల్లో లేదు.

మార్చిన క్రమం:

1. క్యాసెట్ 11-34. చైన్ విప్‌తో (క్యాసెట్ తిరగకుండా పట్టే పనిముట్టు) పట్టి లాక్‌రింగ్ విప్పాలి, తిరిగి బిగింపు 40 న్యూటన్ మీటర్లు.
2. పాత డీరెయిలర్ (చైన్‌ను ఒక చక్రం నుంచి మరోదానికి మార్చే భాగం) పొట్టి కేజ్‌ది, అంటే దాని పుల్లీలుండే చట్రం పొట్టిది, 34 పళ్ల చక్రాన్ని అందుకోలేదు. షిమానో క్లారిస్ పొడుగు కేజ్ డీరెయిలర్ వేశాం, అది 34 దాకా తీసుకుంటుంది. మొదటి ప్రయత్నంలో పాత డీరెయిలర్‌నే స్క్రూతో సర్ది నెట్టుకొద్దామనుకున్నాం. పై పుల్లీ పెద్ద చక్రానికి రాసుకుని గరగరమంది, వదిలేశాం.
3. కొత్త చైన్: డీరెయిలర్‌లోకి ఎక్కించకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం చుట్టూ వేసి, కలిసే చోట ఒక జత లింకులు అదనంగా ఉంచి కత్తిరించాలి. పొట్టిగా కత్తిరిస్తే పెద్ద-పెద్ద గేరు పడ్డప్పుడు డీరెయిలర్ విరుగుతుంది.
4. డీరెయిలర్ మీది బి-స్క్రూ (సందు సర్దే స్క్రూ) తిప్పి, పై పుల్లీకీ 34 చక్రానికీ మధ్య 5 నుంచి 6 మి.మీ. సందు పెట్టాలి.

ఖర్చు: క్యాసెట్ 1,500, చైన్ 950, డీరెయిలర్ 2,100. ఫిజియోథెరపిస్ట్ రెండుసార్లు 1,000. మొత్తం రూ. 7,500.

దారి కూడా మార్చాం. మొదటి నాలుగు రోజులు ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి, తగరపువలస మీదుగా చుట్లు. వేసవిలో ఇక్కడి గాలి ఎక్కువగా నైరుతి నుంచి. ఈశాన్యంగా భీమిలికి వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, ప్రయాణం సులువని మోసపోతాం. ఎండ ఎక్కాక, కాళ్లు అలిసాక, అదే గాలి ముఖం మీదికి. నొప్పి అంకె పెరిగిన ప్రతిసారీ అది తిరుగు దారిలోనే. తొమ్మిదో రోజు నుంచి తెల్లవారుజామున 4:30కు ముందు అనకాపల్లి వైపు, గాలి పడుకుని ఉన్నప్పుడే. గాజువాక దగ్గర లారీలు పెరగకముందే దాటిపోవాలి. తిరుగు దారిలో గాలి వెనక నుంచి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే రోజును పూర్తిగా తీసేశాం. 34 చక్రం ఉన్నా అంతసేపు ఎడతెగని ఎత్తు ఈ మోకాలికి కాదు.

రోజు 9: రైడరు 45. నొప్పి 2 / 1 / 0. జట్టు 600.
రోజు 10: రైడరు 45. నొప్పి 2 / 1 / 1. జట్టు 645.
రోజు 11: రైడరు 60. నొప్పి 2 / 1 / 0. జట్టు 705.

దశ 6: మోకాలికి రోజువారీ పని

ఫిజియోథెరపిస్ట్ ఇచ్చినవి, నొప్పి 3 లోపు ఉంటేనే, రోజూ సాయంత్రం:

1. గోడకు వీపు ఆనించి సగం కూర్చోవడం, 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం.
2. పడుకుని మోకాలు చాపి కాలు అడుగు ఎత్తు లేపడం, 3 × 10.
3. పక్కకు ఒరిగి పడుకుని, మోకాళ్లు మడిచి పై మోకాలిని తెరవడం, 3 × 12. తుంటి కండరం బలహీనంగా ఉంటే తొక్కేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది.
4. 15 సెం.మీ. మెట్టు మీద నుంచి మెల్లగా దిగడం, 3 × 10. తొమ్మిదో రోజు తర్వాతే మొదలుపెట్టాం.

ఐసు గుడ్డలో చుట్టి 10 నిమిషాలు. నొప్పి తెలియకుండా చేస్తుంది, కారణాన్ని తీసేయదు.

నొప్పి మాత్ర వేసుకుని తొక్కడం వద్దు. మొదటిది, అంకె అబద్ధమవుతుంది. రెండోది, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఐబుప్రోఫెన్ రకం మాత్రలు మూత్రపిండాలకు ప్రమాదం. విశాఖ ఉక్కపోతలో నీరు ఎంత పోతుందో తూకం చెబుతుంది: ఒక రోజు మూడు లీటర్లు తాగి తొక్కినా తిరిగొచ్చాక బరువు 1.9 కిలోలు తక్కువ. తర్వాత ప్రతి గంటకు 750 మి.లీ., అందులో ఒక సీసా ఓఆర్‌ఎస్. పాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది.

చేతులు: పదో రోజు కుడి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరి. అరచేతి చిటికెన వేలి వైపు నరం హ్యాండిల్‌కు నొక్కుకోవడం వల్ల వస్తుంది. జెల్ గ్లవ్స్, రెండో వరస హ్యాండిల్ టేపు, పది నిమిషాలకోసారి పట్టు మార్చడం. పదమూడో రోజుకు పోయింది. ఖర్చు 900, మొత్తం రూ. 8,400.

సీటు రాపిడి: సైకిల్ షార్ట్స్ లోపల అండర్‌వేర్ వేసుకోకూడదు, దిగిన పది నిమిషాల్లో మార్చుకోవాలి, తొక్కేముందు పెట్రోలియం జెల్లీ. అంతే.

దశ 7: 12 నుంచి 14 రోజులు

రోజు 12: రైడరుకు విశ్రాంతి, సహచరులు 80. జట్టు 785.
రోజు 13: రైడరు 70. నొప్పి 2 / 1 / 0. జట్టు 855.
రోజు 14: రైడరు 75, సహచరులు 70. నొప్పి 2 / 1 / 0. జట్టు 1,000.

విరాళం: 1,000 × 164 = 1,64,000. 690 × 16 = 11,040. మొత్తం రూ. 1,75,040. పత్రం మార్చకపోయి ఉంటే 690 × 180 = రూ. 1,24,200.

15వ రోజు పొద్దున్న

సీటు ఎత్తు 68.9. పోస్ట్ మీద టేపు గుర్తు కదల్లేదు. కోణం 30°. మోకాలు మెట్లు దిగేటప్పుడు 0.

పోస్ట్ తీసి చూస్తే ఫ్రేము గొట్టం లోపల తెల్లటి బూజులాంటి పొర, ఉప్పు గాలికి అల్యూమినియం తినుకుపోవడం మొదలైన గుర్తు. తుడిచి, కొత్త గ్రీజు రాసి, అదే గుర్తుకు బిగించాం. నెలకోసారి తీసి రాయాలని ఫ్రేము మీదే మార్కర్‌తో రాసిపెట్టాం.